కాలము తప్పిన టీకా

మొన్న వేసవిలో మా బంధువుల యింట ఒక వడుగు జరిగెను. వటువునకు 17 ఏండ్లు నిండినవి. ఇంటర్మీడియట్ పరీక్షలు ముగించుకొని, ఆగస్టు నెలలో చదువు నిమిత్తము అమెరికాకు పోవలసినవాడు. తండ్రి ఉద్యోగరీత్యా ఊరూర తిరిగినవాడగుటచేతను, నడుమ నడుమ ఇంటిలో ఏదో యొక అశౌచము అడ్డుపడుచు వచ్చుటచేతను, ఎనిమిదవయేట కావలసిన శుభకార్యము ఏటికేడు వెనుకబడి, విమానపు టిక్కెట్టు చేతికి వచ్చిన పిదపగాని ఎవరికిని జ్ఞప్తికి రాలేదు. పీటలమీద కూర్చుండిన దంపతులను పురోహితుడు ఒక్కొక్కటిగా అడుగసాగెను: జాతకర్మ అయినదా, అన్నప్రాశనము మంత్రవత్తుగా జరిగినదా, చౌలము మాట యేమి? ప్రతి ప్రశ్నకును తల్లి తల మరికొంత వంచుకొనుచుండెను. అది చూచి ఆ వృద్ధుడు, "ఫరవాలేదమ్మా, కాలం తప్పినవాటికి ప్రాయశ్చిత్తం చెప్పారు. అన్నీ ఇప్పుడే వరసగా చేసుకుందాం" అని, సంకల్పము చెప్పించి, ఆజ్యాహుతులు వేయించి, 17 ఏండ్ల బాకీని ఒక్క పూటలో తీర్చివేసెను.

పది దినములు గడువకమునుపే అదే తల్లియు అదే బిడ్డయు ఒక పిల్లల వైద్యుని యెదుట కూర్చుండగా నేనును వెంట నుంటిని. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా అను మూడింటికి కలిపి వేయు టీకా రెండు మోతాదులు పడినట్లు నిదర్శనము చూపవలెనని ఆ బిడ్డ చేరబోవు విశ్వవిద్యాలయము వ్రాసినది. అంచులు చిరిగిన టీకా కార్డులో ఒక్క మోతాదే కనబడుచున్నది. రెండవ గడి ఖాళీ. 16వ యేట వేయవలసిన ధనుర్వాత, కంఠసర్పి (డిఫ్తీరియా) నివారక టీకా గడియు ఖాళీయే. ఆమె మరల తల వంచుకొనెను. వైద్యుడు కార్డును అటునిటు త్రిప్పి చూచి, "ఫరవాలేదమ్మా, మళ్ళీ మొదటినుంచి వెయ్యక్కరలేదు. మిగిలినవి ఇప్పుడు వేద్దాం" అనెను. వేదము చదివినవాడును వైద్యము చదివినవాడును, ఒకరినొకరు ఎరుగకయే, ఒక తల్లి సిగ్గును ఒకే మాటతో తుడిచివేసిన ఆ తీరు చాల దినములు నా మనస్సును విడువలేదు.

విధింపబడిన కాలమునందు చేయబడని కర్మ కాలాంతరమున చేయబడినచో దానికి పూర్వపు విలువయే కలదా? అసలు చేయకపోవుట యను దానికి ఫలమంటూ ఒకటి కలదా? ఈ ప్రశ్న మన శాస్త్రకారులకు క్రొత్త కాదు. నిత్యకర్మలను చేసినందువలన ప్రత్యేక పుణ్యము రాకపోయినను, చేయకపోయినచో ప్రత్యవాయము, అనగా దోషము, కలుగునని మీమాంసకులలో పెక్కుర మతము. శంకరులు గీతాభాష్యమునందును తైత్తిరీయభాష్యమునందును దీనిని ఖండించిరి: చేయకపోవుట యనునది కేవలము అభావము, అభావమునుండి భావరూపమైన దోషము ఎట్లు పుట్టగలదు, లేనిదానినుండి ఉన్నది ఎట్లు జనించును, అని వారి ప్రశ్న. కర్మసన్న్యాసమును సమర్థించుటకై వారు చేసిన వాదమది. వారి ప్రయోజనము వేరు. అయినను టీకా వేయించని తల్లిదండ్రులు, శంకరుల పేరైనను వినకయే, ఆ వాదమునే యాశ్రయింతురు. "వేయించలేదు, ఏమీ కాలేదు గదా!" అందురు. ఏమియు చేయలేదు కావున ఏమియు జరుగలేదని వారి భావము. ఖాళీగడి వారి కన్నులకు శూన్యముగనే కనబడును.

ఇచ్చట నాకు నైయాయికుల మాట శరణ్యముగా తోచును. అగ్ని దూదిని కాల్చును. కాని చంద్రకాంతమణి చేరువనున్నచో కాల్చదని వారు ఒక దృష్టాంతము చెప్పుదురు. మణి తొలగిన వెంటనే మరల కాల్చును. కావున కాల్చుటకు అగ్ని, దూది మాత్రమే కాక, మణి లేకపోవుట యనునదియు కారణమేనని, ప్రతిబంధకాభావమును కారణసామగ్రిలో చేర్చి, వారు సిద్ధాంతము చేసిరి. తట్టు విషాణువు అగ్ని, బిడ్డ దేహము దూది, టీకా మణి. టీకా లేకపోవుట తానుగా జ్వరమును పుట్టింపదు, నిజమే. శంకరుల మాటకు భంగము లేదు. కాని అగ్ని ప్రపంచమునందు ఉండనే యున్నది, తట్టు సోకిన ఒక్కడు రక్షణ లేని పండ్రెండుగురికో పదునెనమండ్రకో దానిని అంటించునని శాస్త్రజ్ఞుల లెక్క. అట్టి వేళ మణి లేకపోవుట వట్టి శూన్యము కాదు, తెరచియుంచిన తలుపు. ఇంటికి తలుపు వేయనివాడు దొంగతనము చేసినవాడు కాడు; అయినను ఆ యింట దొంగ పడుటకు గల కారణములలో వాని తలుపు నొకటిగా లెక్కింపక తప్పదు.

మణి యెంత గట్టిదని యడుగువారు కలరు, అడుగవలసినదే. ఏడాది దాటిన పిదప ఒక్క మోతాదు పుచ్చుకొనిన నూర్గురిలో సుమారు 93 మందికి తట్టు రాకుండును. రెండు మోతాదులు పడినవారిలో సుమారు 97 మందికి. ఆ మిగిలిన ముగ్గురిని కాపాడునది వారి చుట్టునున్నవారి మణియే.

అభావములను గూర్చి తెలుగువాడని ప్రతీతి గడించిన అన్నంభట్టు తర్కసంగ్రహమునందు చేసిన విభాగము మన బడులలో నేడు చెప్పబడదు, ఇది నాకు ఎంతయు విచారకరము. అభావములన్నియు ఒక్కటి కావు. కుండ పుట్టకమునుపు దాని లేమి ప్రాగభావము. పగిలిన పిదప దాని లేమి ప్రధ్వంసాభావము. గాలికి రూపము లేకపోవుట వంటి ఎన్నటికిని తీరని లేమి అత్యంతాభావము. కుండ వస్త్రము కాకపోవుట అన్యోన్యాభావము. వీనిలో ప్రాగభావమునకు ఒక విశేషము కలదు. దానికి ఆది లేదు, అంతము మాత్రము కలదు. కుండ పుట్టిన క్షణమున అది నశించును. కుమ్మరి సారెమీద మట్టిముద్ద ఎన్ని యేండ్లు ఊరకయే యున్నను, ఆ లేమి అత్యంతాభావముగా మారిపోదు. 17 ఏండ్ల బిడ్డ కార్డులోని ఖాళీగడి ప్రాగభావము. తల్లి తల వంచుకొనినప్పుడు ఆమె దానిని ప్రధ్వంసముగా, ఎప్పుడో పగిలిపోయి మరి యతుకరానిదిగా, తలచినది. వైద్యుడు ఆమెకు చెప్పినది ఒక తార్కిక సత్యము.

మొదటినుంచి వేయనక్కరలేదన్న మాటలో మరియొక లోతు కలదు. జ్ఞానము నశించిన పిదపను ఆత్మయందు దాని సంస్కారము నిలిచియుండుననియు, ఆ సంస్కారము మేల్కొనినప్పుడు స్మృతి కలుగుననియు నైయాయికులు చెప్పుదురు. దేహమునకును అట్టి స్మృతి యున్నది. తొలి మోతాదు పడినప్పుడు రక్తములోని కొన్ని కణములు ఆ శత్రువు రూపును గుర్తుపెట్టుకొనును. వైద్యశాస్త్రమునందు వానికి స్మృతికణములనియే పేరు. రెండవ మోతాదు ఆరు మాసములకు రావలసినది పది యేండ్లకు వచ్చినను, నిద్రించు ఆ కణములు లేచి, మొదటి పరిచయమును ఆధారము చేసికొని పని ప్రారంభించును. కావుననే హెపటైటిస్ బి టీకా ఒక్కటి పడి రెండు మిగిలినవానికి ఆ రెండే వేయుదురు. శైశవమున ఎవరో ఒక ఏ.ఎన్.ఎం., ఎండలో శీతలపు పెట్టె మోసికొని వచ్చి వేసిన ఆ మొదటి సూది వృథా కాలేదు. సంస్కారమను ఒక్క పదము మన భాషలో వడుగునకును స్మృతిబీజమునకును చెల్లుచుండుట ఊరక కాదని నాకు తోచును.

ఇట్లనుటచేత ఆలస్యమునకు మూల్యమే లేదని యెవరును తలపరాదు. మనువు ఉపనయనమునకు వర్ణమును బట్టి 16, 22, 24 ఏండ్ల అవధి చెప్పి, అది దాటినవారిని వ్రాత్యులనెను. వారిని వెలివేసి యూరకొనక, మరల లోనికి తెచ్చుకొనుటకు తాండ్యబ్రాహ్మణమునందలి వ్రాత్యస్తోమము వంటి ద్వారములను సంప్రదాయము తెరచియుంచినది. ముస్లిం సోదరులు వేళ తప్పిన నమాజును కజాగా చెల్లింతురు; వేళ పోయినను బాకీ పోదని, బాకీ యున్నంతకాలము తీర్చు దారియు పోదని దాని భావము. టీకాల ధర్మశాస్త్రమును ఇట్టిదే. గర్భాశయ ముఖద్వారపు కాన్సరును నివారించు హెచ్.పి.వి. టీకా 9 ఏండ్లు మొదలు 15 నిండకమునుపు రెండు మోతాదులతో చాలునని, 15 నిండినచో మూడు కావలెనని మన పిల్లల వైద్యుల పద్ధతి. ఆ మూడవ సూదియే ప్రాయశ్చిత్తము. ఆటలమ్మ టీకా 13 దాటినవారికి కనీసము నాలుగు వారముల యెడముతో రెండు మోతాదులు. కొన్నిటికి మాత్రము కాలముతోబాటు అవసరమును గడచిపోయినది: శిశువుల విరేచనములను ఆపు రోటావైరస్ చుక్కలను 17 ఏండ్లవానికి ఎవరును పోయరు, పోయనక్కరయు లేదు. ఏది గడచినదో, ఏది మిగిలినదో తెలిసికొనుటకే వైద్యుడు. ఆ లెక్క తల్లిదండ్రులు రాత్రింబవళ్ళు మనస్సులో వేసికొని కుములవలసినది కాదు. కార్డు పోయినదా, పోనిమ్ము. పడెనో లేదో తెలియని టీకాను మరల వేసినందువలన సాధారణముగా హాని లేదు.

ఒక్క మాట. ఉపనయనము కొందరిది, ఆ ద్వారము మన సమాజమునందు ఎందరికో మూయబడియే యుండెను. టీకా యను ఈ సంస్కారమునకు వర్ణము లేదు, లింగభేదము లేదు. ఇటుకబట్టీల వెంట ఏటేటా వలసపోవు కూలి బిడ్డకును, అమెరికా పోవు బిడ్డకును కార్డులోని గడులు అవియే. సిగ్గుపడవలసినది ఆ తల్లులు కాదు; ఒక ఊరిలో నమోదైన బిడ్డను మరియొక ఊరిలో వెదకి పట్టుకొనలేకపోయిన ఏర్పాటు.

ఇంతకును ఈ బాకీ ఎవరికి చెల్లింపవలసినది? మనుష్యుడు ఋణములతో పుట్టునని వేదము. దేవ, ఋషి, పితృ ఋణములు మూడని అందరు నెరుగుదురు, శతపథబ్రాహ్మణము వానికి మనుష్యఋణమును నాలుగవదిగా చేర్చినది. ఈ నాలుగవదియే ఇచ్చటి విషయము. 1941లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున నార్మన్ గ్రెగ్ అను నేత్రవైద్యుడు, పుట్టుకతోనే కన్నులలో శుక్లములున్న శిశువులు ఒకరి వెంట ఒకరు తనయొద్దకు వచ్చుట చూచి, వారి తల్లులను విచారింపగా, గర్భము ధరించిన తొలి మాసములలో వారికి రుబెల్లా వచ్చినట్లు తేలెను. తల్లికి రెండు మూడు దినముల స్వల్పజ్వరము, ఒంటిమీద కొంచెము దద్దురు. బిడ్డకు అంధత్వము, చెవుడు, గుండెలో లోపము. 17 ఏండ్ల బాలుడు రుబెల్లాకు ఈ టీకా వేయించుకొనుట తనకొరకని చెప్పుట కష్టము. వానికి రుబెల్లా వచ్చినను ఏమియు కాకపోవచ్చును. వాడు బస్సులో ఎవరి ప్రక్కన నిలుచునో, ఆమె కడుపులో ఎవరున్నారో వాడెరుగడు. పుట్టని ఆ శిశువునకు వాడు ఋణపడియున్నాడు. మన దేశములో తట్టు టీకా తొమ్మిది మాసములు నిండినగాని వేయరు. అంతవరకు ప్రతి పసికందును తల్లినుండి వచ్చి నానాటికి తరుగు రక్షణను, చుట్టునున్న పెద్దల రక్షణను నమ్ముకొనియే బ్రతుకును. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో తొమ్మిది మాసములు మొదలు 15 ఏండ్ల లోపు పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా వేసిరి, బడియీడు వారికి బడులలోనే. ఆనాడు జ్వరముచేతనో, వలసచేతనో, పుకారుకు బెదరియో బడికి రాని పిల్లలే నేడు ఇంటర్మీడియట్ కళాశాలలలోను డిగ్రీ కళాశాలలలోను కూర్చుండియున్నారు.

ధనుర్వాతము సంగతి దీనికి విరుద్ధము. అది ఒకరినుండి మరియొకరికి అంటదు. మట్టిలో, దుమ్ములో, పెంటలో దాని బీజములు ఉండనే యుండును. ఊరంతయు టీకా వేయించుకొనినను వేయించుకొనని ఒక్కనికి రక్షణ లేదు. ఈ టీకా కేవలము ఆత్మరక్షణ. అయినను దానితో కలిపి సూదిలో నింపిన కంఠసర్పి మందు పరులదియు అగును. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రిని పాతవారు నేటికిని కోరంటి దవాఖానా యందురు. క్వారంటైను అను మాట ప్రజల నోట అట్లు నలిగినది. మలేరియా మర్మమును 1897లో సికిందరాబాదున కనుగొనిన రొనాల్డ్ రాస్ పేరు దానికున్నది. కంఠసర్పిచేత గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరాడక అచటికి తేబడువారిలో ఐదేండ్లు దాటిన పిల్లలు పెక్కురు. శైశవమున పడిన టీకా బలము ఏండ్లతో తగ్గును; దానిని మరల నిలుపుటకే 10వ యేట ఒకటి, 16వ యేట ఒకటి విధించిరి. 2019 మొదలు వట్టి ధనుర్వాతపు టీకాకు మారుగా కంఠసర్పితో కలిసిన టీకాయే ఇచ్చుచున్నారు. 2020, 2021లలో బడులు మూతపడినప్పుడు ఎందరి 10వ యేటి సూది, ఎందరి 16వ యేటి సూది తప్పిపోయినవో ప్రతి యింటివారును తమ కార్డు తెరచి చూచుకొనవలసియున్నది.

ఇక పరదేశపు వెల పెట్టి కొనలేక హెపటైటిస్ బి టీకాకు దూరమైన తరము మనలో నున్నది. వరప్రసాదరెడ్డిగారు హైదరాబాదున స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయముగా ఆ టీకాను తయారుచేసి, వెలను సామాన్యునకు అందుబాటులోనికి దించినది. శిశువుగా నున్నప్పుడు ఆ విషాణువు సోకినచో నూటికి 90 మందిలో అది కాలేయమున జీవితాంతము తిష్ఠ వేయును. పెద్దవారిలో నూటికి ఐదుగురికంటె తక్కువ. చిన్ననాటి ప్రమాదము గడచినదని ఊరటపడవచ్చును, కాని వైద్యవిద్యలోను నర్సింగులోను చేరబోవు బిడ్డ ఆ మూడు సూదులు లేక వార్డులో అడుగు పెట్టరాదు.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న కడపట మిగిలినది. పసిబిడ్డకు తల్లి వేయించును. బిడ్డ యేడ్చును, అంతే. 17 ఏండ్లవానిని ఎవరడుగవలెను? పుత్రునకు 16 ఏండ్లు వచ్చిన పిదప మిత్రునివలె చూడుమని పెద్దలు చెప్పిరి. మన టీకా పట్టికలోను కడపటి గడి 16వ యేటనే యుండుట నాకు అర్థవంతముగా తోచును. మిత్రుని సూదికి ఈడ్చుకొనిపోరు, చెప్పి ఒప్పింతురు. ఈ మర్యాద తప్పిన చోట ఏమగునో తెలుగునేలయే చూచినది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 మొదలు 14 ఏండ్ల బాలికలు సుమారు 14,000 మందికి హెచ్.పి.వి. టీకాను పరిశీలనార్థము వేసిరి. కొందరు బాలికలు మరణింపగా 2010లో ఆ కార్యక్రమము నిలిపివేయబడెను. ఆ మరణములకు టీకా కారణము కాదనియే విచారణసంఘము తలచినది. కాని అనుమతి పత్రములు పెక్కింటిమీద తల్లిదండ్రులకు మారుగా వసతిగృహముల వార్డెన్లు సంతకములు చేసినట్లు తేలినది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము ఆ పద్ధతిని తీవ్రముగా నిందించినది. గిరిజనుల బిడ్డలను, పేదల బిడ్డలను అడుగకపోవుట నిజముగా ప్రత్యవాయమును పుట్టించిన అకరణము. టీకా మంచిదే, అడుగక వేసిన మంచి, నమ్మకమును చంపును, నమ్మకము చచ్చిన చోట రేపటి మంచి టీకాకును చేయి చాపరు. ఆ జిల్లాలో ఒక తల్లి నేటికిని సూది పేరు చెప్పిన బిడ్డను చీర చెంగు వెనుకకు లాగుకొనినచో, ఆమెను మూఢురాలనుటకు నా నోరు రాదు.

కావున ఆ వైద్యుడు సూది తీయుటకు ముందు తల్లివైపు కాక బాలునివైపు తిరిగి, "నీకు చెప్పారా నాన్నా, ఇది ఎందుకో?" అని యడిగినప్పుడు నాకు ఆ గదిలో రెండవ ఉపనయనము జరుగుచున్నట్లు తోచెను. వాడు తెలియదనెను. వైద్యుడు తట్టును గూర్చి, బస్సులోని గర్భిణిని గూర్చి, మట్టిలోని బీజములను గూర్చి ఐదు నిమిషములు చెప్పెను. విని, "వెయ్యండి డాక్టరుగారూ" అని వాడే చొక్కా చేయి మడచెను. ఆ క్షణమువరకు ఆ ఖాళీగడి తల్లిదండ్రుల బాకీ. అచటినుండి అది వానిది, వాడే తీర్చుకొనినది. ఈ వయస్సువారికి సూది పడిన పిదప కండ్లు తిరుగుట కలదని పావుగంట కూర్చుండబెట్టిరి. తల్లి తల యెత్తి కుమారుని చూచుచుండెను.

చదువరులారా, మీ యింట పదునారేండ్లు దాటిన బిడ్డ యున్నచో నేడే ఆ పాత కార్డు వెదకుడు. దొరకినచో తీసికొనిపొండు, దొరకకపోయినను పొండు. బుధవారమునను శనివారమునను టీకాలు వేయు ఆరోగ్య కేంద్రము మీ ఊరిలోనో పొరుగూరిలోనో యుండును. 16వ యేటి సూది అచట ఉచితము. దారిలో బిడ్డకు ఎందుకో చెప్పుడు.